పిల్లను ఇట్లాగే ఉంచండి

వైశాఖ బహుళ సప్తమి, శనివారం, మధ్యాహ్నం. కడప రైల్వే స్టేషన్‌లో బొంబాయి వైపు పోయే బండి ఆగే ప్లాట్‌ఫారం.

హాజరైనవారు: నాయన. అమ్మ, ఆమె చంకలో తమ్ముడు. జేజి, అంటే నాయన తల్లి. మామ, అంటే అమ్మ తమ్ముడు. నేను. బండిలో వచ్చినవాడు ఒక్కడే, మద్రాసు సినిమా కంపెనీ మేనేజరు.

సంవత్సరం రాయడం లేదు. తిథి, వారం మాత్రం నాయన నోటు పుస్తకంలోంచి తీసుకున్నవి. ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది.

పన్నెండో ఏటి నుంచి నాకు డైరీ రాసే అలవాటు. ఎవరు వచ్చారు, ఏం వండాం, వాన పడిందా లేదా అన్నవి రాయకుండా పడుకున్న రోజు లేదు. బడిలో పాఠాలు చెప్పిన కాలమంతా రాశాను, రిటైరైన తరువాతా రాస్తున్నాను. కానీ ఆ శనివారం నాటికి నాకింకా ఎనిమిదేళ్ళు నిండలేదు. తరువాత ఎన్నోసార్లు రాద్దామని కూర్చుని లేచిపోయాను. పోయిన వారం ఆసుపత్రిలో ఒక నర్సు నన్ను గోడకు ఆనించి నిలబెట్టి, తల మీద స్కేలు పెట్టి, "ఏమవ్వా, పోయినేటికి ఇప్పటికి అంగుళం తగ్గినావే!" అంది. నవ్వుతూనే అంది. ఇంటికి వచ్చి ఈ పేజీ మొదలుపెట్టాను.

మా ఊరు కమలాపురానికి కోసెడు దూరం. మామ మా ఇంట్లోనే ఉండి సేద్యం చూసేవాడు. నాయన నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. నన్ను నాలుగో ఏటనే స్టేజీ ఎక్కించారు. దేవుణ్ణి పిలిచి ఏడ్చే పిల్లవాడి వేషం ఏ నాటకంలో ఉన్నా నాదే. మొహానికి పూసే అర్దళం వాసన, పెట్రోమాక్సు లైటు కింద కాలిపోయిన పురుగుల వాసన, నాయన జేబులో నాకోసం దాచిన చెనక్కాయ ఉండల బెల్లం వాసన, ఈ మూడూ కలిస్తేనే నాకు నాటకం. ఏడవమంటే ఏడ్చేదాన్ని. ఆపమంటే ఆపేదాన్ని. "ఇది బిడ్డ కాదురా, బోరింగు" అనేది జేజి.

కోయిలకుంట్ల తిరునాళ్ళలో నేను వేషం కట్టినప్పుడు మద్రాసు నుంచి వచ్చిన ఒకాయన ముందు వరసలో కూర్చున్నాడు. నాటకం అయిపోయాక వెనక్కి వచ్చి నా బుగ్గలు రెండు వేళ్ళతో పట్టుకుని, "ఈ బూరెలు మాకు కావాలండీ" అన్నాడు. ఆయనే మేనేజరు. కోస్తా మనిషి, మాట మెత్తన. ఆ తరువాతి నెలలోనే నాయనా నేనూ మద్రాసు రైలెక్కాం.

స్టూడియో గురించి నాకు గుర్తున్నదంతా ముక్కుకూ నాలుకకూ సంబంధించిందే. ఆరని రంగు, పచ్చి ప్లాస్టరు, పెద్ద లైట్లలో కాలే బొగ్గు కడ్డీల ఘాటు. మధ్యాహ్నం అరిటాకు నిండా తెల్లటి వరి అన్నం. ఇంట్లో పండగనాడు తప్ప వరి అన్నం ఎరగని దాన్ని. సినిమాలో నాకు తల్లిగా వేసినామె పెరుగన్నం ముద్దలు కలిపి, పెదవుల రంగు చెరగకుండా, నోట్లోకి జారవిడిచేది. ఒకరోజు సెట్టులో పళ్ళెం నిండా మామిడిపండ్లు కనిపించాయి. ఎవరూ చూడకుండా ఒకటి కొరికాను. మైనం. పళ్ళ గుర్తులు పడ్డ పండును వెనక్కి తిప్పి పెట్టాను కానీ, పెదవుల రంగు దానికి అంటుకుపోయింది. లైట్లు పట్టుకునేవాళ్ళు రెండు రోజులు నన్ను "మైనం పాపా" అని పిలిచారు.

నా భాగంలో ముఖ్యమైంది ఒక ఊయల పాట. నేను ఊయలలో కూర్చుని పాడుతూ ఉంటే తల్లి ఊపుతుంది. పాడింది వేరే ఆమె, నేను పెదవులు కదిపితే చాలు. మొదటి చరణం తీశారు. రెండో చరణానికని మేకప్పు వేసుకుని కూర్చున్న రోజు లైట్లు వెలగలేదు. కంపెనీ పెద్దల మధ్య ఏదో తగాదా వచ్చి షూటింగ్ ఆగిపోయింది. మమ్మల్ని రైలెక్కించడానికి మేనేజరే స్టేషన్‌కు వచ్చాడు. నా రెండు జడలూ చేత్తో సవరిస్తూ నాయనతో ఇట్లా అన్నాడు:

"పాట సగంలో ఉందండీ. మళ్ళీ మొదలవగానే జాబు రాస్తాం. అప్పుడు మీకు కూడా మా సంగీతం జట్టులో హార్మోనియం దగ్గర చోటిప్పిస్తాను. ఉండటానికి గది కూడా చూద్దాం. అంతవరకూ పిల్లను ఇట్లాగే ఉంచండి."

ఆ ఆఖరు మాటను నాయన మద్రాసు నుంచి మా ఊరి దాకా మూటలా మోసుకొచ్చాడు.

ఇంటికి వచ్చేసరికి ఊరు ఎండిపోయి ఉంది. వరసగా వానలు లేని మూడో ఏడు అది. బావిలో అడుగున తడిమట్టి తప్ప నీళ్ళు లేవు. ఎద్దుల్ని మేతకోసం కొండల వైపు తోలుకుపోయిన మామ ఒట్టి పలుపుతాళ్ళతో తిరిగొచ్చాడు. తిరునాళ్ళు ఆగిపోయాయి, నాటకం ఆడించే ఊరు లేదు. ఇంట్లో ఏ మాట మొదలైనా మద్రాసు దగ్గరే తేలేది. గదిలో ఎవరు యాడ పడుకోవాల, జేజికి ఆ ఊరి నీళ్ళు పడతాయా, తమ్ముణ్ణి ఏ బడిలో వేయాల అని. అన్నిటికీ ఆధారం నేను. నేను ఇట్లాగే ఉంటే అందరం బతుకుతాం.

"ఇట్లనే అంటే ఎట్ల బావా?" అన్నాడు మామ. "ఏడేండ్ల బిడ్డ. పొద్దున చూసినట్లు సాయంత్రం ఉండదు."

"అదే నాకూ తెలీక అడుగుతాండా," అన్నాడు నాయన.

దారి చెప్పింది జేజి. పశువుల మధ్య పుట్టి పెరిగిన మనిషి. "పాలు తగ్గిచ్చిన దూడ ఎదుగుతాదా? తింటే గదరా పెరిగేది. రెండు నెలలు ఓర్సుకుంటే మద్రాసుకు పోయి అరిటాకులో తింటాది."

అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చింది. "అత్తా, కరువుకు లేక పెట్టకపోతే అది దేవుని మీద పడతాది. కుండలో ఉండి పెట్టకపోతే ఎవరి మీద పడతాదో చెప్పు."

"నీ బిడ్డ మీద నాకు ప్రేమ లేదంటావా?"

"ఉండాది. అందుకే భయంగా ఉండాది."

అయినా మొదలైంది. ముందు మజ్జిగ ఆపారు. తరువాత సంకటి ముద్ద సగమైంది. కార్తీకం పోయి పుష్యం వచ్చేసరికి సాయంత్రం పూట గంజి, అందులో రెండు ఉప్పురాళ్ళు. చెనక్కాయల ఊరిబిండి పచ్చడి నూరుతుంటే రోలు దగ్గరికి పోయి కూర్చునేదాన్ని. అమ్మ రోలు కడిగిన నీళ్ళు దోసిట్లో పోసేది. జేజి చూసీ చూడనట్టు ఉండేది. ఆ మాట కూడా రాయాలి.

ప్రతి శనివారం పొద్దున నాయన నన్ను వాకిలి దారబందానికి ఆనించి నిలబెట్టేవాడు. దర్జీ దగ్గర అడిగి తెచ్చిన టేపుతో కొలిచి, తిథీ వారమూ వేసి, అంగుళాలు రాసేవాడు. ఆయన అక్షరాలు హార్మోనియం మెట్లలాగా ఒకే ఎత్తు. పెరగలేదని తెలిస్తే "శభాష్" అనేవాడు. ఆ శభాష్ కోసం నేను ఆ ముందు రోజంతా మంచినీళ్ళు కూడా తక్కువ తాగేదాన్ని. నీళ్ళతో కూడా పెరుగుతారని అనుకున్నాను.

మాఘంలో మా బడి ఆవరణలో గవర్నమెంటు వాళ్ళు గంజి కేంద్రం పెట్టారు. పెద్ద డేక్సాలలో జొన్న గంజి ఉడుకుతుంటే ఊరంతా ఒకే వాసన. ఆ వరసలో మన ఇంటివాళ్ళు నిలబడరాదని నాయన కట్టడి. ఒక శుక్రవారం పక్కింటి పిల్ల లోటా అడిగి తీసుకుని వరసలో దూరాను. ఒకసారి తాగి, మూతి తుడుచుకుని, మళ్ళీ వెనక నిలబడ్డాను. గంజి పోసే తాత గుర్తుపట్టాడు. "మే, ఇందాక వచ్చింది నువ్వే గదా?" అన్నాడు. "అది మా చెల్లెలు" అన్నాను. "చెల్లెలుకూ నీకూ ఒకే చోట మచ్చ ఉండాదే!" అని నవ్వి, నిండా పోశాడు.

మర్నాడు నాయన టేపు పెట్టాడు. ఇంకోసారి పెట్టాడు, మరొకసారి పెట్టాడు. గోరంత ఎక్కువ వచ్చింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నాటకం ఏడుపు కాదు. "రెండు లోటాలు తాగినా నాయనా" అని చెప్పేశాను.

కొడతాడనుకున్నాను. ఆయన గడప మీద కూర్చుని, మోకాళ్ళ మీద పుస్తకం పెట్టుకుని, అది కూడా రాశాడు: "నిన్న గంజి, రెండు లోటాలు." ఆ వాక్యం ఇప్పటికీ అట్లాగే ఉంది.

అమ్మ చూసింది. "రాసుకో," అంది. "బిడ్డ ఆకలికి గంజి తాగిందని రాసుకో. రేపు సచ్చినా తిథి చూసి రాసుకో."

నాయన తల ఎత్తకుండానే, "నీ కడుపున పుట్టింది, నా కడుపు మాడడం లేదనుకుంటాండావా?" అన్నాడు. ఆయన సాయంత్రం పూట తినడం ఎప్పుడో మానేశాడని నాకు అప్పుడు తెలియదు. పెద్దయ్యాక అమ్మ చెప్పింది.

వైశాఖంలో మద్రాసు నుంచి కార్డు వచ్చింది. మేనేజరు బొంబాయి పోతున్నాడు. కడపలో బండి ఇరవై నిమిషాలు ఆగుతుంది కాబట్టి, పాపను అక్కడికి తీసుకొస్తే ఒకసారి చూస్తానని రాశాడు. ఆ కార్డును జేజి కళ్ళకద్దుకుంది. నాయన అంతకు ముందు శనివారం లెక్క చూసుకున్నాడు. ఏం చేసినా మద్రాసు నాటికీ ఇప్పటికీ మొత్తం దాదాపు అర అంగుళం పెరిగాను.

ఆ అర అంగుళానికి ఉపాయం మామ చెప్పాడు. "పెద్ద పావడా కట్టించు బావా. లోపల మోకాళ్ళు కొంచెం వంచి నిలబడితే ఎవడికి తెలుస్తాది? బ్రహ్మదేవుడు పావడా ఎత్తి చూస్తాడా?" అందరూ నవ్వారు. అంత మంది కలిసి నవ్వడం ఆ ఏడాదిలో అదొక్కసారే అనుకుంటాను. వారం రోజులు సాధన చేశాను. మోకాళ్ళు వంచి, వీపు నిటారుగా పెట్టి, మొహంలో నవ్వు చెదరకుండా. తొడలు మండేవి. నాయన పాట అందుకుంటే అది అయ్యేదాకా అట్లాగే నిలబడేదాన్ని.

శనివారం తెల్లవారకముందే జట్కాలో బయల్దేరాం. స్టేషన్‌లో రాక్షసిబొగ్గు పొగ, కాలిన ఇనుము, ఎవరిదో బుట్టలో మగ్గిన మామిడిపండ్లు. ఆ వాసనకు నా నోరు ఊరింది, కానీ అవి మైనానివేమోనన్న ఆలోచన కూడా వచ్చింది. జేజి తడిగుడ్డతో నా మొహం తుడిచి తుడిచి ఎర్రగా చేసింది. బండి కూత వినబడగానే మామ నా చెవిలో, "వంచు" అన్నాడు. వంచాను.

మేనేజరు తెల్ల బట్టల్లో దిగాడు. నాయనను గుర్తుపట్టి చేతులు పట్టుకున్నాడు. చుట్టూ చూశాడు.

"మన పాప ఏదండీ?"

నేను ఆయన ముందే ఉన్నాను.

"ఈమే గదా సార్."

ఆయన నవ్వాడు. "భలేవారే! ఈ పాప వాళ్ళక్కా?" అని, ఎవరూ నవ్వకపోయేసరికి వంగి నా మొహంలోకి చూశాడు. నేను సాధన చేసిన నవ్వు నవ్వాను. ఆయన నవ్వు ఆగిపోయింది.

నాయన గబగబా పుస్తకం తెరిచాడు. "ఎత్తు చూడండి సార్. అర అంగుళం గూడా సరిగ్గా పెరగల్యా. వారం వారం కొల్చినా. అంతా ఈడ రాసినా, చూడండి."

మేనేజరు రెండు పేజీలు తిప్పాడు. "ఎత్తుకేముందండీ?" అన్నాడు, అర్థం కానట్టు. "ఊయలలో కూర్చున్న పిల్ల ఎత్తు ఎవరికి కనపడుతుంది?"

సంచిలోంచి ఒక కవరు తీశాడు. అందులో ఫోటో. ఊయల తాడు పట్టుకుని నవ్వుతున్న గుండ్రటి పిల్ల. ఆ ఫోటోను నా మొహం పక్కన పెట్టి చూశాడు. నాయన చూశాడు, జేజి చూసింది. నేను ఫోటోను సగమే చూడగలిగాను, కానీ అందరి కళ్ళూ అక్కడికీ ఇక్కడికీ తిరగడం చూశాను.

"బుగ్గలేవండీ?" అన్నాడు మేనేజరు నెమ్మదిగా. "జబ్బు చేసిందా?"

మామ అందుకున్నాడు. "కరువు గదా సార్. మా దిక్కు అందరమూ ఇట్లనే ఉండాం."

నాయన ఆ మాట పట్టుకుని ఉంటే సరిపోయేది. పట్టుకోలేదు. "కరువు కాదు సార్. మేమే తగ్గిచ్చినాం. మీరే అంటిరి గదా, పిల్లను ఇట్లనే ఉంచమని."

"జడలండీ!" మేనేజరు గొంతు చీలింది. "జడలు కత్తిరించొద్దని, గుండు చేయించొద్దనీ అన్నానండీ నేను! మీ వైపు మొక్కులుంటాయి కదా అని... అయ్యో, ఎంత పని చేశారండీ!"

అప్పుడు మాట్లాడింది అమ్మ. ఆ ఇంట్లో ఈ పని వద్దన్న ఒక్క మనిషి. తమ్ముణ్ణి జేజికి ఇచ్చి, చేతులు జోడించి ముందుకొచ్చింది. "ఒక్క నెల ఈండి సామీ. పెట్టి పెంచుతా. బుగ్గలొస్తాయి. ఈ బిడ్డకు బుగ్గలు తొందరగా వస్తాయి. ఒక్క నెల."

"నెల నా చేతిలో లేదమ్మా. నేను బొంబాయి నుంచి రాగానే తీసెయ్యాలి. సగం పాటలో ఒక మొహం, సగం పాటలో ఒక మొహం పెడితే చూసేవాళ్ళు ఊరుకోరు. ఆ మొదటి చరణం కూడా వేరే పాపతో మళ్ళీ తీస్తారు."

నాయన ఏదో అడగబోయి ఆగాడు. హార్మోనియం మాట అయి ఉంటుంది.

నాకు ఒక్కటే తోచింది. రెండో చరణం నాకు వచ్చని ఆయనకు తెలియదు. తెలిస్తే తీసుకుపోతాడు. మొదలుపెట్టాను. మద్రాసులో పెదవులు మాత్రమే కదిపిన పాటను, ప్లాట్‌ఫారం మీద నా గొంతుతో పాడాను. మోకాళ్ళు వంచే పాడాను. కాళ్ళు వణుకుతుంటే పావడా అంచు కూడా వణికింది. మామిడిపండ్ల బుట్టామె ఆగి చూసింది. రెండు పంక్తులు కూడా కాకముందే మేనేజరు నా తల మీద చెయ్యి పెట్టి, "చాలమ్మా," అన్నాడు. "చాలు తల్లీ."

బండి కూసింది. ఆయన పరుగెత్తి పెట్టెలోకి ఎక్కి, కిటికీలోంచి పొట్లం ఒకటి చాచాడు. కాగితంలో రెండు బన్నులు. నేను అందుకుని నాయన వైపు చూశాను, తినొచ్చా అని. ఆయన పుస్తకం మూసి పక్కకు తిరిగాడు. అమ్మ ఒక బన్ను తుంచి నా నోట్లో పెట్టింది. బండి వెళ్ళిపోయాక కూడా నేను మోకాళ్ళు వంచే ఉన్నాను. చాలించమని ఎవరూ చెప్పలేదు.

ఇల్లు చేరాక జేజి అటక మీద విత్తనానికని దాచిన కొర్రలు దించి అమ్మ ముందు పెట్టింది. "వండు," అంది. అమ్మ కుండ నిండా వండింది. ఐదు ముద్దలు తిన్నాను. ఆరో ముద్దకు అంతా కక్కేశాను. జేజి నా వీపు నిమురుతూ, "నేనే మే, నేనే," అని మాత్రం అంది. అంతకు మించి ఆ సంగతి ఆమె బతికున్నన్నాళ్ళూ ఎత్తలేదు.

నాయన పుస్తకంలో ఆ రోజు కింద ఉన్నది ఇంతే: "కడప. కాదన్నారు." ఆ తరువాతి పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి.

కొన్నేళ్ళకు ఆ సినిమా కమలాపురం టూరింగ్ టాకీసుకు వచ్చింది. అమ్మకు చెప్పకుండా పోయాను. ఊయలలో వేరే పిల్ల. బాగానే చేసింది, నిజానికి నాకంటే బాగా చేసింది. డేరా బయటికి వచ్చి చాలాసేపు కూర్చున్నాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. మెత్తగా మాట్లాడిన మేనేజరు మీదా, దూడల లెక్క చెప్పిన జేజి మీదా, పరుల మాటను అక్షరం పొల్లు పోకుండా నమ్మిన నాయన మీదా? ఇప్పటికీ తెలియదు. తరువాత నేను రోజూ రాస్తూ వచ్చాను కానీ, ఎవరినీ ఎప్పుడూ కొలవలేదు. నా బడిలో పిల్లల ఎత్తులు రాయవలసి వచ్చినప్పుడు ఇంకో పంతులమ్మను పిలిచేదాన్ని.

కడప నుంచి వచ్చిన మరుసటి ఉదయం ఆదివారం. నాయన తెల్లవారుతూనే లేచి, నాటకాలకు వేసుకునే అంగీ కాకుండా మామ పాత చొక్కా వేసుకున్నాడు. అమ్మ తమ్ముణ్ణి జేజికి అప్పగించింది. ఊరికి దూరంగా కరువు పని జరుగుతూ ఉండేది, రోడ్డుకు కంకర కొట్టే పని. నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. మూడు మైళ్ళు ఆగకుండా నడిచాం.

మేస్త్రీ చెట్టు కింద నిలబడి మనుషుల్ని తీసుకుంటున్నాడు. నాయనకు సమ్మెట ఇచ్చాడు. అమ్మకు గంప ఇచ్చాడు. నన్ను చూసి చెయ్యి అడ్డంగా ఊపాడు.

"ఈ పిల్ల యాడికప్పా? శానా చిన్నది. గంపెత్తే ఎత్తు లేదు."

"ఉండాది సార్," అన్నాడు నాయన. "చూడండి."

మనిషి ఎదురుగా నిలబడి నన్ను చూస్తుంటే మోకాళ్ళు వాటంతట అవే వంగాయి. నేను వంచలేదు. నాయన నా వెనక వచ్చి, రెండు చేతులూ నా చంకల కింద పెట్టి, మెల్లగా పైకి ఎత్తాడు.

"నిటారుగా నిలబడు పాపా," అన్నాడు. ఆయన గొంతు వెనక నుంచి వచ్చింది, మొహం నాకు కనబడలేదు. "ఇంగ నిలబడొచ్చు."

నిలబడ్డాను. నా తల వెనక ఆయన చొక్కా కింద నుంచి రెండో గుండీ తగిలింది. మేస్త్రీ ఒకసారి చూసి, చిన్న గంప ఒకటి నా వైపు తోశాడు.

ఎత్తుకున్నాను.